కింది తొట్టి

4 నవంబరు 2024, సోమవారం

కార్తీకంలో మొదటి సోమవారం. తెల్లవారుజామున మూడింటికే కోటప్పకొండ ఎక్కే జనం సందడికి మెలకువ వచ్చింది. మా అరుగు మీద నిలబడితే మెట్ల దారి పొడవునా దీపాలు కనపడతాయి.

సాయంత్రం బడి నుంచి రాగానే హాల్లో గాజుతొట్టి ఖాళీ చేశాను. ఆరేళ్ళుగా అందులో గోల్డ్‌ఫిష్‌లు ఉండేవి. పక్కింటి పిల్లలు బకెట్లో పెట్టుకుని తీసుకెళ్ళారు. ఇకనుంచి అందులో ఉప్పునీళ్ళు, సముద్రపు చేపలు. అమ్మాయి అయిదో తరగతిలో ఉండగా విశాఖ బీచ్ రోడ్డులో మత్స్యదర్శినికి తీసుకెళ్ళాం. ఆ పిల్ల చేపల్ని చూసి వచ్చేసింది. నేను మాత్రం అప్పటినుంచీ ఆ నీళ్ళ గురించే ఆలోచిస్తున్నాను.

తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచుదాకా పోస్తే 255 లీటర్లు. దాని కింద ఇనప స్టాండులో ఇంకో తొట్టి పెట్టాలి. దాన్ని సంపు అంటారు. ఈ పని శివరాత్రి లోపల అవ్వాలని పెట్టుకున్నాను.

6 నవంబరు

సంపు అనే మాట మా ఊళ్ళో అందరికీ తెలిసిందే. అందుకే మేస్త్రీతో "సంపు కట్టాలి" అనగానే అతను నేరుగా పెరట్లోకి వెళ్ళి, కొళాయి పక్కన కాలితో గీత గీశాడు. "ఎన్ని వేల లీటర్లు మాస్టారూ? రింగులు దించుదామా, ఇటుక కడదామా?"

హాల్లోకి తీసుకొచ్చి స్టాండు చూపించి చెప్పాను. చాలాసేపు విన్నాడు. "అంటే మన ఇంటి సంపు లాంటిదే గదండీ. కింద సంపు, పైన ట్యాంకు, మధ్యలో మోటారు. కాకపోతే పంపు తిప్పి వాడుకునేవాళ్ళు లేరు. పోసిన నీళ్ళే తిరుగుతుంటయ్." ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

అతని చేత స్టాండు కింద మట్టం చూపించుకున్నాను. ట్యూబులో నీళ్ళు పోసి రెండు కొసలూ పట్టుకున్నాం. కుడివైపు రెండు నూళ్ళు పల్లం. పైన 255 లీటర్లు, కింద అరవై, గాజు బరువు వేరే. ఇంత భారం మోసేదానికి రెండు నూళ్ళు చిన్న తేడా కాదు. ఇనప రేకు ముక్క పెట్టి సరిచేశాడు.

7 నవంబరు

అమ్మాయి ఫోన్లో అడిగింది, అసలు ఈ రెండో తొట్టి ఎందుకు నాన్నా అని.

పై తొట్టిలో నీళ్ళు అంచు దాటి పొర్లి పైపులోంచి కిందికి దిగుతాయి. కింది తొట్టిని గాజు పలకలతో మూడు గదులు చేస్తాం. మొదటి గదిలో మడ్డిని ఆపే గుడ్డసంచి, దాని పక్కన స్కిమ్మర్. ఈ స్కిమ్మర్ సన్నటి గాలిబుడగల్ని ఉప్పునీళ్ళలోకి కొడుతుంది. చేపల జిగురు, తినగా మిగిలిన మేత కొవ్వు ఆ బుడగలకి అంటుకుని నురగగా పైకి తేలి కప్పులో పడతాయి. బెల్లం పాకం కాచేటప్పుడు మడ్డి పైకి తేలుతుందే, అలా. మంచినీళ్ళలో బుడగలు పెద్దవై చిట్లిపోతాయి కాబట్టి ఆ పని జరగదు. రెండో గదిలో పింగాణీ రింగులు, వాటి మీద పెరిగే బాక్టీరియా. మూడో గదిలో మోటారు. ఆ మోటారు నీళ్ళని మళ్ళీ పైకి చేదుతుంది.

హీటరు, మోటారు, నురగ కప్పు అన్నీ కిందకి పోతే పైన ఒట్టి నీళ్ళు, చేపలు. వేసవిలో ఆవిరయ్యే నీళ్ళ తరుగు కూడా మూడో గదిలోనే కనపడుతుంది. పై తొట్టి మట్టం వెంట్రుకవాసి కదలదు.

అమ్మాయి "పనంతా కిందిదే అన్నమాట" అంది.

10 నవంబరు, ఆదివారం

నాన్న వచ్చాడు. సాగర్ కుడికాలవ మీద ముప్ఫయ్యేళ్ళు లస్కరుగా చేసిన మనిషి. 1967లో కాలవకి మొదటిసారి నీళ్ళు వదిలినప్పుడు ఆయనకి పద్నాలుగేళ్ళు. ఆ రోజు సంగతి ఇప్పటికీ చెబుతాడు.

కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. పై తొట్టి వెనక గాజుకి ఆనించి చిన్న గాజుపెట్టె, దాని అంచు మీదుగా పొర్లే నీళ్ళు. "ఇది అలుగు" అన్నాడు. పైపు మీద వాల్వు చూపిస్తే "ఇది తూము" అన్నాడు. ఇన్నాళ్ళూ ఓవర్‌ఫ్లో అనీ డ్రెయిన్ అనీ చదువుకుంటూ వచ్చాను. చెరువు కింద పుట్టినవాణ్ణి, ఈ రెండు మాటలు నాకే తట్టాల్సింది. ఇక అలాగే రాస్తాను.

లేచి వెళ్ళబోతూ అడిగాడు. "కరెంటు పోతే?"

లెక్క చెప్పాను. మోటారు ఆగితే పై తొట్టిలో అలుగు దాకా ఉన్న ముప్పావు అంగుళం నీళ్ళు దిగుతాయి, సుమారు 11 లీటర్లు. పెట్టెలోవీ పైపులోవీ కలిపితే 14. కింది తొట్టి 30 అంగుళాల పొడవు, 14 వెడల్పు, 15 ఎత్తు, మొత్తం 103 లీటర్లు. మామూలుగా తొమ్మిది అంగుళాల మట్టంలో నడుపుతాను, అంటే 62. ఇంకా 41 లీటర్ల చోటు ఖాళీగానే ఉంటుంది.

"పైకెక్కే పైపులో నీళ్ళు?"

"అదెంత నాన్నా, లీటరు."

"హెడ్డు దగ్గర తలుపు దించితే నీళ్ళు ఆగిపోవు అబ్బాయ్. కాలవలో ఉన్నవన్నీ కిందికి రావాల్సిందే. అది చివరి భూముల దగ్గర కాపలా ఉన్నోడికి తెలుస్తది."

15 నవంబరు, కార్తీక పౌర్ణమి

వీధంతా దీపాలు. రాత్రి ఆలస్యంగా చదువుతూ కూర్చున్నాను.

1846లో అన్నా థిన్ అనే ఆవిడ టార్కీ తీరం నుంచి బతికున్న పగడాల్ని లండన్ ఇంటికి తెచ్చుకుంది. నీళ్ళలోకి గాలి ఎక్కడానికి ఇంట్లో పనిపిల్ల తెరిచిన కిటికీ దగ్గర నిలబడి ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తుండేది. మోటారు చేసే పని ఆ అమ్మాయి చేతులు చేశాయి. ఆమె పేరు ఎక్కడా దొరకలేదు. దొరికితే రాసుకునేవాణ్ణి.

ఇక మన సంపుకి అసలు పెద్దదిక్కు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆయన కట్టిన అక్వేరియంలో జనం చూసే తొట్లలో ఉన్నవి సుమారు 20 వేల గ్యాలన్లు. కింద చీకట్లో దాచిన జలాశయంలో లక్ష గ్యాలన్లు! చీకట్లో నాచు పెరగదు, పెద్ద నీరు తొందరగా వేడెక్కదు, చల్లారదు, మురికి పలచబడుతుంది. అదీ ఆయన కిటుకు. అక్కడ ఒకటికి అయిదు. మన ఇళ్ళలో నాలుగుకి ఒకటి పెట్టుకుని గొప్ప అనుకుంటున్నాం.

17 నవంబరు, ఆదివారం

కొనాలా, కట్టాలా?

మద్రాసులో కొళత్తూరు అలంకార చేపల వ్యాపారానికి పేరున్న చోటు. అక్కడ అడిగించాను. అక్రిలిక్‌తో చేసిన తయారు సంపు పదహారు వేలు, రవాణా అదనం, దారిలో పగిలితే వాళ్ళ బాధ్యత లేదు. ముప్ఫై అంగుళాలది లేదు, ముప్ఫయ్యారుది ఉంది. నా స్టాండు కాళ్ళ మధ్య 33 అంగుళాలే. అక్రిలిక్ తేలిక, అతుకు గట్టిది, మాట నిజమే. కానీ కొన్నది మన స్టాండుకి, మన మోటారుకి, మన కరెంటుకి పుట్టింది కాదు. అరల ఎత్తు మనం నిర్ణయించుకోలేం. సంపులో అసలు విలువ ఆ ఎత్తులోనే ఉంది.

నరసరావుపేటలో గాజు ధర కట్టించాను. ఎనిమిది మిల్లీమీటర్ల గాజు పదహారు చదరపు అడుగులు, అంచులు అరగదీయడంతో కలిపి రెండు వేల చిల్లర. కట్టడానికే నిర్ణయం.

24 నవంబరు, ఆదివారం

పని పాడైంది. కొట్టులో అక్వేరియానికి అని చెప్పి అడిగి తెచ్చుకున్న సిలికాన్‌తోనే అడుగు పలక, వెనక పలక అతికించాను. రెండో ట్యూబు తీసేటప్పుడు అక్షరాలు కళ్ళకు ఆనాయి. బాత్‌రూముల్లో వాడేది, బూజు పట్టనిది. బూజుని చంపే మందు అందులోనే కలిసి ఉంటుంది. అది నీళ్ళలోకి దిగితే నా రెండో గదిలో బాక్టీరియాని చంపుతుంది, తర్వాత చేపల్ని. కొట్టులో కుర్రాడు కిటికీలు అతికించేవాడు, అతనికి తెలిసే వీలు లేదు. నేను మాత్రం చదివి కొనాల్సింది. రాత్రి పదకొండుదాకా బ్లేడుతో గీకాను. గాజు మీద పొర ఒక్క పోగు మిగిలినా కొత్త సిలికాన్ దాని మీద అతకదు.

1 డిసెంబరు, ఆదివారం

మళ్ళీ మొదలు. ఈసారి గుంటూరు నుంచి తెప్పించిన సిలికాన్, ఏ మందూ కలవనిది, విప్పగానే వెనిగర్ వాసన వచ్చేది.

అంచులన్నీ స్పిరిట్‌తో తుడిచాను. అతుకు పడే చోటికి అటూ ఇటూ కాగితం టేపు అంటించాను. ట్యూబు మూతిని ఏటవాలుగా కోసి, ఆపకుండా ఒకే ఊపులో ముప్ఫై అంగుళాలు లాగాలి. ఆగిన చోట గాలి చేరుతుంది. పలకని నిలబెట్టి రెండు చేతులతో నెట్టాలి, కానీ సిలికాన్ మొత్తం బయటికి వచ్చేలా కాదు. గాజుకీ గాజుకీ మధ్య మిల్లీమీటరు మందం మిగలాలి, ఆ పొరే బరువు మోసేది. పక్కనుంచి దీపం పెట్టి చూస్తే లోపల చిక్కిన గాలి వెండి చుక్కల్లా మెరుస్తుంది. విడివిడి చుక్కలైతే ఫరవాలేదు. లోపలి అంచు నుంచి బయటి అంచుదాకా చుక్క వెంట చుక్క వరస కట్టిందంటే అదే రేపటి కారుడు. ఒక మూల అలా కనపడింది. ఆ పలక ఊడదీసి మళ్ళీ పెట్టాను.

లోపలి మూల ఐస్‌క్రీం పుల్లతో ఒక్కసారి సాఫీగా లాగి, మీద పొర కట్టకముందే టేపు పీకేయాలి. అయిదు నిమిషాలు దాటితే అంచు చిరుగుతుంది. మా ఆవిడ టేపు పీకింది. నాకన్నా ఆవిడ చెయ్యి నిలకడ.

"ఏమండీ, ఇంట్లో పచ్చడి జాడీ పగిలిన వాసన" అంది. తలుపులన్నీ తీశాం. వారం దాకా నీళ్ళు తగలకూడదు.

4 డిసెంబరు

పొద్దున ఏడున్నర ప్రాంతంలో భూకంపం. ములుగు దగ్గర, తీవ్రత 5.3. విజయవాడ, జగ్గయ్యపేటల్లో జనం వీధుల్లోకి వచ్చారని టీవీలో చూపించారు. వార్త వినగానే నేను చూసింది అతుకుల్ని. చెక్కుచెదరలేదు.

8 డిసెంబరు, ఆదివారం

అరుగు మీద పాత పేపర్లు పరిచి సంపు పెట్టి అంచుదాకా బోరునీళ్ళు పోశాను. పేపరు తడిస్తే వెంటనే రంగు మారుతుంది. సాయంత్రానికి పొడిగానే ఉంది. 24 గంటలు ఉంచుతాను. లోపలి అడ్డపలకలకి కూడా ఒక్కో గది విడివిడిగా నింపి చూశాను. ఒకవైపే నీళ్ళుంటే అడ్డపలక మీద తోపు ఎక్కువ.

గదుల మధ్య మూడు పలకలు అంగుళం ఎడంతో ఉంటాయి. నీళ్ళు ఒకదాని మీదుగా, రెండోదాని కిందుగా, మూడోదాని మీదుగా పోతాయి. కిందికి దిగేటప్పుడు బుడగలు వెనక్కి తేలిపోతాయి. లేకపోతే మోటారు వాటిని మింగి పైన తొట్టిలోకి చల్లుతుంది.

11 డిసెంబరు

స్టాఫ్‌రూములో ఒకాయన అడిగారు, పగడాలు కూడా పెడతారా మాస్టారూ అని. పెట్టను. గట్టి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికున్న రక్షణే పగడానికీ ఉంది. చచ్చిన పగడపు రాయి కూడా తీరం నుంచి ఏరుకొచ్చుకోకూడదు. దొంగచాటుగా అమ్మేవాళ్ళున్నారని విన్నాను. అలాంటిది మా ఇంటి గడప తొక్కదు.

పగడపు రాళ్ళు లేవు కాబట్టే కింది తొట్టి మీద నాకింత పట్టు. ఇతర దేశాల్లో ఆ రాళ్ళ రంధ్రాల్లోనే బాక్టీరియా కాపురం. ఇక్కడ ఆ చోటు మొత్తం రెండో గదిలోని పింగాణీ రింగులే ఇవ్వాలి. చేపల మాటకొస్తే క్లౌన్‌ఫిష్‌ని తమిళనాడులోని మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్ళు తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని చేశారు. అలా పుట్టినవే తెచ్చుకుంటాను, సముద్రంలో వలేసి పట్టినవి వద్దు.

15 డిసెంబరు, ఆదివారం

పైపుల పని. గ్రానైటు పనివాడు డైమండ్ బిట్‌తో వెనక గాజుకి రెండు కన్నాలు పెట్టాడు. బిట్ చుట్టూ మైనంతో గట్టు కట్టి నీళ్ళు నిలబెట్టి, నొక్కకుండా, బిట్ తన బరువుతో తనే దిగేలా పట్టుకున్నాడు. ఒక్కో కన్నానికి పది నిమిషాలు. గాజు పిండి పాలలా కారింది. చివరి అర నిమిషం మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

ఓవర్‌హెడ్ ట్యాంకులకి వాడే ప్లాస్టిక్ ట్యాంక్ నిపుళ్ళే తెచ్చాను. ఇత్తడివి వద్దన్నాను. ఇత్తడిలో రాగి ఉప్పునీళ్ళకి కరుగుతుంది, రొయ్యజాతికి అది విషం.

రెండు పైపులు ఎందుకంటే ఒక్క పైపులో నీళ్ళూ గాలీ కలిసి దిగితే రాత్రంతా గుడగుడ. మొదటి పైపుకి తూము పెట్టి, అది ఎప్పుడూ గాలి చొరబడకుండా నిండుగా పారేలా తిప్పుకోవాలి. రెండోది పైన తెరిచి ఉంచాలి, సన్నటి ధార మాత్రమే పోతుంటుంది. మొదటిది నత్తతోనో నాచుతోనో మూసుకుపోతే నీళ్ళన్నీ రెండోదాన్లోంచి దిగుతాయి. దిగుతున్నాయని ఆ గుడగుడే చెబుతుంది.

22 డిసెంబరు, ఆదివారం

వాడరేవు. తెల్లారకముందే గూడ్స్ ఆటోలో ఇరవై లీటర్ల క్యాన్లు పద్దెనిమిది వేసుకుని బయల్దేరాం. చిలకలూరిపేట, చీరాల మీదుగా. ఈ రోడ్డు నంబరు 167ఏ. ఒక కొస వాడరేవు, ఇంకో కొస పిడుగురాళ్ళ. మధ్యలో నరసరావుపేట, మా కొండ. పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్లల కింద ఉన్న సున్నపురాయంతా పగడాలింకా భూమ్మీద పుట్టని కాలంలో, లోతులేని సముద్రం అడుగున పేరుకున్నదే. ఒక సముద్రం రాయిగా ఉన్న చోట మొదలైన రోడ్డు ఇంకో సముద్రం నీళ్ళుగా ఉన్న చోటికి పోతుంది. క్యాన్ల మధ్య కూర్చుని దారంతా అదే అనుకున్నాను.

ఒడ్డున నీళ్ళు బురద. పడవాయన అలలు విరిగే చోటు దాటించి తీసుకెళ్ళాడు. మోటారు ఆపి, డీజిల్ వాసన తేరుకున్నాక ముంచాం. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు గాజు మీద రెండు చుక్కలు వేసి ఎండకి ఎత్తి చూశాను. నీలం, తెలుపు కలిసే గీత 29 దగ్గర. మహాసముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండాలి.

దగ్గర్లో రొయ్యపిల్లల హేచరీలో పనిచేసే ఒకాయన్ని అడిగాను. "ఇప్పుడింతేనండీ. వానాకాలం తర్వాత గంగ నుంచీ మన గోదావరి, కృష్ణల నుంచీ వచ్చిన మంచినీళ్ళు తీరం వెంబడి కిందికి జారుతుంటయ్. ఎండలు ముదిరేకొద్దీ ఉప్పు ఎక్కుద్ది." సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి పోయిన సంగతి గుర్తొచ్చింది.

ఉప్పునీళ్ళతో రోజూ బతికేవాళ్ళు మన రాష్ట్రంలో హేచరీలవాళ్ళే. వాళ్ళ దగ్గర అరగంటలో నేర్చుకున్నంత ఏ పుస్తకంలోనూ దొరకలేదు. తెచ్చిన నీళ్ళని వెంటనే వాడొద్దన్నాడు. బ్లీచింగ్ కలిపి రాత్రంతా ఉంచి, గాలి కొట్టి, మిగిలిన క్లోరిన్‌ని హైపోతో విరిచి, అప్పుడు పొయ్యమన్నాడు.

29 డిసెంబరు, ఆదివారం

నీళ్ళు తేటపడ్డాయి. లీటరుకి ఆరు గ్రాముల లోటు పూడ్చాలి. మా ఆవిడ "చినగంజాం ఉప్పు ఉందిగా, కల్లుప్పు" అంది. ఆ ప్రశ్న నాకు నచ్చింది, బోర్డు మీద చెప్పినట్టు చెప్పాను. ఉప్పుమడిలో సముద్రం ఎండేటప్పుడు ముందు సున్నం విరుగుతుంది, తర్వాత జిప్సం, ఆ తర్వాతే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం చివరి చేదునీళ్ళలో ఉండిపోతుంది, ఆ నీళ్ళు పారబోస్తారు. కల్లుప్పు వంటకి మేలు, చేపకి సగం సముద్రమే. అందుకని అన్నీ పాళ్ళలో కలిపిన అక్వేరియం ఉప్పు రెండు కిలోలు కలిపాను. 35 దగ్గర గీత నిలబడింది.

3 జనవరి 2025, శుక్రవారం

రాత్రి తొమ్మిదికి మోటారు వేశాం. అలుగు అంచుకి కోసిన పళ్ళ మధ్య నుంచి నీళ్ళు జాలువారాయి. తూము పావు మలుపు తిప్పాను, ఇంకాస్త వెనక్కి తిప్పాను. ఉన్నట్టుండి గుడగుడ ఆగింది. పైపులో గాలి లేదు, నిండు నీరు. ఇల్లంతా నిశ్శబ్దం. పైకొచ్చే ధారని ఇరవై లీటర్ల బకెట్లోకి పట్టి చూస్తే నిండడానికి సరిగ్గా నిమిషం. గంటకి 1,200 లీటర్లు. మోటారు మీద రాసింది 3,000. నాలుగున్నర అడుగులు ఎత్తాలి, మూడు మలుపులు తిరగాలి, అంత తగ్గడం సహజమే. తొట్టికి ఈ ధార చాలు.

పదకొండు ముప్పావుకి కరెంటు పోయింది. ఇన్వర్టరుకి ఇంకా కలపలేదు. మంచం మీద నుంచి నీళ్ళ చప్పుడు విన్నాను, మొదట మామూలుగానే, తర్వాత నేల మీద.

టార్చి వేసి చూస్తే సంపు అంచు దాటి నీళ్ళు కారుతున్నాయి. పైన తొట్టి మట్టం అలుగు కన్నా రెండు అంగుళాలు కిందికి పోయింది, ఇంకా దిగుతోంది. అలుగు దాటి నీళ్ళు ఎలా దిగుతాయి? అప్పుడు పైకెక్కే పైపు మీద చెయ్యి పెట్టాను. చల్లగా, సన్నగా అదురుతోంది. నీళ్ళు దాన్లోంచి వెనక్కి వస్తున్నాయి. మోటారు ఆగగానే ఆ పైపే సైఫన్ అయింది. దాని మూతి మూడు అంగుళాల లోతులో ముంచి పెట్టాను. మూతి బయటపడేదాకా అది లాగుతూనే ఉంటుంది. మూడు అంగుళాలంటే 42 లీటర్లు, పైపుల్లోవి కలిపితే 45. కింద ఉన్న ఖాళీ 41.

పైపు మూతిని పైకి ఎత్తేసరికి గులగులమని గాలి పీల్చి ఆగింది. నాలుగు లీటర్ల దాకా నేల మీద. నాపరాయి మీద ఉప్పునీరు ఎండితే తెల్లటి పొక్కు లేస్తుంది. మంచినీళ్ళతో మూడుసార్లు తుడిచాం. ఆవిడ ఒక్క మాట అనలేదు, గుడ్డ పిండి మళ్ళీ ఇచ్చింది.

నాన్న అడిగిన ప్రశ్న ఇదే. నేను "లీటరు" అన్నాను.

5 జనవరి, ఆదివారం

నాన్నకి ఫోన్లో చెప్పాను. "తడిసిందా? తుడుచుకున్నారుగా. ఇప్పుడు ఏం చేస్తున్నావ్?" అన్నాడు, అంతే.

పైపు మూతి పైకి జరిపాను, నీటి మట్టానికి అర అంగుళం కింద. దాని మెడకి, నీళ్ళు ముట్టే చోటికి కాస్త కింద అయిదు మిల్లీమీటర్ల కన్నం పెట్టాను. మట్టం ఆ కన్నం దాకా దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. ఒకవైపే తెరుచుకునే వాల్వు పెట్టుకోమని కొట్టులో అన్నారు. ఒక నత్త గుల్ల, ఒక ఇసుక రేణువు అడ్డం పడితే అది మూసుకోదు. కన్నాన్ని మాత్రం వారం వారం పుల్లతో పొడవాలి, నాచు పూడుస్తుంది.

తర్వాత పదిసార్లు స్విచ్ ఆపి చూశాను. ప్రతిసారీ 15 లీటర్ల లోపే దిగాయి. సంపులో రెండు అంగుళాల పైచిలుకు లేచింది. పదకొండుంపావు అంగుళాల దగ్గర నల్ల మార్కరుతో గీత గీశాను. ఆ గీత పైన ఉన్న ఖాళీ కోసం ఇంత గాజు కొన్నానని ఇప్పుడు తెలుస్తోంది. పెద్ద స్కిమ్మర్ పెట్టమని, ఇంకో గది చెయ్యమని, నీళ్ళు ఇంకా పొయ్యమని ఎవరు చెప్పినా ఆ ఖాళీని ముట్టుకోను.

13 జనవరి, భోగి

వీధిలో మంటలు. పిల్లలు పిడకల దండలు వేస్తున్నారు.

బాక్టీరియాకి మేత పెట్టడం వారం కింద మొదలుపెట్టాను. చేపని వేసి దాని చేత విషం భరింపజేయడం పాత పద్ధతి, నాకు ఇష్టం లేదు. అమ్మోనియం క్లోరైడ్ వేస్తున్నాను. పాత్రలకి కళాయి వేసేవాళ్ళు వాడే నవాసాగరమే అది, కాకపోతే నాది లాబరేటరీ సరుకు. అమ్మోనియా నైట్రైట్ అవుతుంది, నైట్రైట్ నైట్రేట్ అవుతుంది. ఒక్కో అడుగుకి వేరే బాక్టీరియా. ఇవాళ అమ్మోనియా రంగు మొదటిసారి పలచబడింది.

2 ఫిబ్రవరి

నైట్రైట్ ఇంకా ఎర్రగానే. ఓపిక పట్టాలి.

ఈ బాక్టీరియా నీళ్ళలోని క్షారాన్ని తినేస్తుంది. తగ్గినప్పుడల్లా కాస్త తినేసోడా కలుపుతున్నాను. పగడాలు పెంచేవాళ్ళు దీనికి సున్నపు తేట వాడతారట, చుక్కచుక్కగా, రాత్రిపూట. పిడుగురాళ్ళ సున్నం ఇంటి గోడలకి వేసుకునే మాకు ఆ మాట వింటే సొంత మనిషి కనపడినట్టుంది.

తరుగు రోజుకి మూడు లీటర్లు. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు, అందుకని మంచినీళ్ళే కలపాలి. మా బోరునీళ్ళు పనికిరావు. ఫ్లోరైడు, గడ్డునీరు ఈ పల్నాటికి పాత కష్టాలు. ఆర్‌ఓ ప్లాంటు టిన్ను ఒకటి ఎత్తున పెట్టి, ఎయిర్‌కూలరుకి వాడే ఫ్లోట్ మూడో గదిలో బిగించాను. ఒక్క టిన్నుకి మించి కలపను. ఫ్లోటు ఇరుక్కున్నా పడేది ఇరవై లీటర్లే, ఆ మాత్రానికి ఉప్పు మరీ పడిపోదు.

16 ఫిబ్రవరి, ఆదివారం

ఆరు వారాలు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. రెండు క్లౌన్‌ఫిష్‌లు వచ్చాయి, బొటనవేలంత. సంచి నీళ్ళలోకి మా నీళ్ళు గంటసేపు చుక్కలుగా కలిపి వదిలాం. ఒకటి నేరుగా అలుగు దగ్గరికి వెళ్ళి ఆ పారుదలకి ఎదురుగా నిలబడింది. పళ్ళ సందులో దూరిపోతుందేమోనని ప్లాస్టిక్ జాలీ కోసి కట్టాను.

26 ఫిబ్రవరి, మహాశివరాత్రి

పొద్దుటి నుంచి ఊరు ఊరులా లేదు. యడవల్లి, కావూరు, పురుషోత్తపట్నం వైపు నుంచి ప్రభలు కదిలాయి. "చేదుకో కోటయ్యా" అన్న కేక దూరం నుంచి అల మీద అలలా వస్తోంది. బావిలోంచి నీళ్ళు చేదినట్టు నన్ను పైకి చేదుకో అని కదా ఆ కేకకి అర్థం. చిన్నప్పటినుంచీ వింటున్నాను. ఈ నాలుగు నెలలూ నేను ఇంట్లో రాస్తున్నదీ అదే మాట. నీళ్ళ బిందెతో కొండెక్కిన గొల్లపిల్ల ఆనందవల్లి కథ నాన్న అమ్మాయికి మళ్ళీ చెప్పాడు. కాకి బిందె దొర్లించిందనీ, ఆ పిల్ల శపించిందనీ, అందుకే కొండ మీద కాకి వాలదనీ.

సాయంత్రం ప్రభలు తీగల కింద నుంచి దాటాలని మా వీధికి కరెంటు తీసేశారు. ముందే తెలుసు. బ్యాటరీతో నడిచే గాలిపంపు పైన తొట్టిలో వేశాను. ఇన్వర్టరు కావాలనే ఆపాను. నాన్న, నేను స్టాండు ముందు గొంతుక్కూర్చున్నాం. ఆయన చేతిలో టార్చి.

అలుగు మీద ధార సన్నబడింది, పళ్ళ మధ్య చుక్కలయింది. పైకెక్కే పైపులో ఒక్కసారి గులుక్కుమంది, గాలి దూరింది. సంపులో నీళ్ళు తొమ్మిది నుంచి లేచాయి. పది. పదిన్నర. మూడు గదుల మట్టం ఒకటైపోయి అడ్డపలకలు మునిగాయి. పదకొండు దాటి, నల్లగీతకి దారమంత కింద నిలబడింది. నాన్న వేలు గాజు మీద పెట్టి చాలాసేపు చూశాడు. నీళ్ళు కదల్లేదు.

టార్చి ఆర్పేసి, మోకాలి మీద చెయ్యి పెట్టి లేచాడు.

"పద, ప్రభ వీధి మలుపులోకి వచ్చినట్టుంది" అన్నాడు.